ఖాళీ మేకు

ప్రమోషన్ వద్దని మెయిల్ పంపబోతున్న భర్త చేతిలోంచి ఇంజనీరమ్మ ఫోను లాక్కుంది.

“నీకేమైనా మతి పోయిందా? డిప్యూటీ మేనేజర్ పోస్టు ఇస్తామంటే వద్దనేవాళ్ళు ఉంటారా?”

“పోస్టు పెద్దదే. జీతం ఎంతో చూశావా?”

అతని బాధలో న్యాయం లేకపోలేదు. అతను బొగ్గు గనిలో అండర్ మేనేజర్. రోజూ లిఫ్టులో భూమిలోకి దిగి, తవ్వకం పని చూసుకుని, ముఖమంతా మసితో పైకొస్తాడు. అలా దిగినందుకు జీతం మీద పావువంతు అండర్‌గ్రౌండ్ అలవెన్సు. డిప్యూటీ మేనేజర్ అయితే పైన ఏసీ గదిలో కూర్చోవాలి. హోదా పెరుగుతుంది, కుర్చీకి చక్రాలు వస్తాయి, అలవెన్సు మాత్రం గాలికి పోతుంది.

“లోకంలో ఎవరైనా పైకొస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. నేను పైకొస్తే ఉన్నవి పోతున్నాయి. ఇదేం పైకి రావడం?” అని గునిశాడు. ఇంటి వాయిదా, పాప స్కూలు ఫీజు ఏకరువు పెట్టాడు. ఆమెకు తెలియనివి కావు. ఆమెదీ అదే గనిలో ఉద్యోగం. అదే చదువు, అదే సర్టిఫికెట్. కాకపోతే పాప పుట్టినప్పుడు, ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పైన ఉండాలని అతను ఒక రూలు పెట్టాడు. అప్పట్నుంచీ ఆమె ప్లానింగ్ సెక్షన్‌లో కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడ తవ్వాలో మ్యాపులు గీస్తోంది.

ఆ సెక్షన్ కిటికీకి ఎదురుగానే బిళ్ళల బోర్డు ఉంటుంది. దాని నిండా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ. గనిలోకి దిగేవాళ్ళు తమ బిళ్ళ తీసుకుని దిగుతారు, పైకొచ్చాక మళ్ళీ తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉంటే మనిషి కిందున్నట్టు లెక్క. అండర్ మేనేజర్ మేకు పై వరసలో మొట్టమొదటిది.

“రోజంతా ఆ ఖాళీ మేకు వంక చూస్తూ కూర్చోవడం ఇంక నా వల్ల కాదు,” అంది ఇంజనీరమ్మ.

భర్త మనసు నీరైపోయింది. ఇన్నాళ్ళూ తను అలవెన్సు లెక్క చూసుకున్నాడే గాని, కిటికీ దగ్గర ఈమె పడే బాధ పట్టించుకోలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. అయినా లోపల ఒక మూల వాయిదా పీకుతూనే ఉంది.

“మరి అలవెన్సో?”

“అది ఇంట్లోకి వచ్చే పూచీ నాది. ఎలాగని మాత్రం అడక్కు.”

సాయంత్రాలు ట్యూషన్లు చెబుతుంది కాబోలు అనుకున్నాడు. అలా అనుకుంటే ఇంకా జాలేసింది. ఫోను అడిగి తీసుకుని, ఒప్పుకుంటున్నానని మెయిల్ పంపేశాడు.

మర్నాడు పర్సనెల్ ఆఫీసర్‌ని కలిసి చివరి ప్రయత్నంగా ఒక రాయి వేసి చూశాడు. కనీసం సగం అలవెన్సయినా ఉంచమన్నాడు. అది దిగేవాళ్ళకే గాని కుర్చీలకు కాదని ఆఫీసర్ నవ్వేశాడు.

“మీ పాత పోస్టుకి అప్పుడే మనిషి దొరికారు లెండి. ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. మీరు ఎప్పుడు ఖాళీ చేస్తారా అని కాచుక్కూర్చున్నారు.”

“ఎవరండీ?”

“సోమవారం మీరే చూస్తారుగా.”

ఇంకెవరు, ఆ బట్టతల సర్వేయరే అయుంటాడని భర్తకు రూఢి అయిపోయింది. కనిపించినప్పుడల్లా అలవెన్సు ఎంతొస్తుందని ఆరా తీసేవాడు. తన బూట్లలో ఆ మనిషి కాళ్ళు పెడతాడంటే ఒళ్ళు మండింది.

సోమవారం ఇంజనీరమ్మ తెల్లారగానే పనుందని వెళ్ళిపోయింది. పాపకు జడలు వేసి స్కూల్లో దింపేసరికి భర్తకు తలప్రాణం తోకకొచ్చింది. ఆఫీసుకు వచ్చి కొత్త కుర్చీలో ఒక చుట్టు తిరిగాడు. బాగానే ఉంది. ఇంకో చుట్టు తిరుగుతుంటే కిటికీలోంచి బిళ్ళల బోర్డు కనిపించింది.

పై వరసలో మొదటి మేకు ఖాళీగా ఉంది.

ఎంతైనా తన మేకు. సర్వేయరు మీద కోపం ఉన్నా, కింద మూడో మలుపు దగ్గర పైకప్పు మంచిది కాదని, తట్టి చూసుకుని నడవమని చెప్పకుండా ఉండటానికి మనసొప్పలేదు. గబగబా బయటికొచ్చాడు. మెట్ల మీద సర్వేయరు తాపీగా టీ తాగుతున్నాడు.

“మీరింకా దిగలేదా?” అన్నాడు భర్త.

“నేనెందుకు దిగుతానండీ? నాకు నడుం నొప్పి.”

భర్త లిఫ్టు వైపు తిరిగాడు. కొత్త బూట్లు, కొత్త హెల్మెట్ వేసుకున్న మనిషి ఎవరో అటు తిరిగి నిలబడి, ఇత్తడి బిళ్ళను చొక్కాకు తుడుచుకుంటున్నారు. దగ్గరికి వెళ్ళి, కాస్త ఆగమని పిలిచాడు. ఆ మనిషి బిళ్ళ జేబులో వేసుకుని ఇటు తిరిగారు.

“ఇద్దరిలో ఒకరు పైన ఉండాలన్నది నీ రూలేగా, సాయంత్రం పాపని నువ్వే తీసుకురా,” అంటూ లిఫ్టెక్కింది ఇంజనీరమ్మ.