జంతికల డబ్బాకు తాళం

"ఆ డబ్బా ఇలగియ్యమ్మా," అన్నాడు తిరుమలరావు చెయ్యి చాపి.

చిలకమ్మ జంతికల డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది. కొడుకు రెండో చేతిలో బియ్యపు గింజంత ఇనుప బిళ్ళ ఉంది. మనవరాలు ధనశ్రీ పంటి మీంచి ఊడిపడిందది. ఎత్తుపళ్ళు సరిచెయ్యడానికి డాక్టరమ్మ పంటికొకటి చొప్పున ఆ బిళ్ళలు అంటించి, తీగతో బిగించి క్లిప్పులు వేసింది. వేసిన దగ్గర్నుంచీ వాటిలో ఏదో ఒకటి ఊడుతూనే ఉంది.

"నానేటి సేసినాన్రా?"

"గట్టివి పెట్టొద్దని డాక్టరమ్మ సెప్పిందా నేదా? ఈ ఇంట్లో గట్టిగా ఉన్నవి నీ జంతికలే. ఇలగైతే దీని క్లిప్పులు కాలేజీకెల్లినా తియ్యరు."

"నానమ్మ నాకేం పెట్టలేదు నాన్నా," అంది ధనశ్రీ. అని ఊరుకోవచ్చుగా, నానమ్మ వైపు ఓ దొంగచూపు చూసింది. ఆ చూపే కొంప ముంచింది. డబ్బా బీరువాలోకి వెళ్ళింది, తాళంచెవి తిరుమలరావు చొక్కా జేబులోకి వెళ్ళింది.

"పెద్దావిణ్ణి పట్టుకుని ఏటండీ ఆ మాటలు?" అంది కోడలు పుష్ప.

"నువ్వుండు. ప్లాంటులో నాను సూసి సరే అనందే ఒక్క అతుకు పాసవ్వదు. అలాటిది నా కూతురి నోట్లో అతుకులే ఊడిపోతన్నాయంటే నాకెంత నామోషీ."

ఆ మాటా నిజమే. స్టీల్ ప్లాంటులో వెల్డింగు అతుకులు సరిచూడ్డం అతని ఉద్యోగం. ఇంట్లోనూ ఆ బుద్ధి పోదు. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే కూతుర్ని కుర్చీలో కూలేసి, ఓ చేత్తో టార్చిలైటు, ఓ చేత్తో స్పూను పట్టుకుని, పెదవి పక్కకి తీసి ఒక్కొక్క క్లిప్పూ తనిఖీ చేస్తాడు. సరిగ్గా అప్పుడే చిలకమ్మ సీరియల్ మొదలవుతుంది. పుష్ప వంటింట్లో ఉంటుంది. కాబట్టి ముసలావిడకు కొడుకు వీపు కనబడ్డం, టీవీలో అత్తాకోడళ్ళ అరుపులు వినబడ్డం తప్ప ఇంకేమీ తెలీదు. అంత శ్రద్ధ ఉన్న తండ్రిని పట్టుకుని ఎవరు మాత్రం ఏమనగలరు?

చిలకమ్మకు ఏడుపొచ్చింది. మనవరాలి పళ్ళు తనవల్ల పాడవుతున్నాయన్న మాట పడటం కంటే ఈ ఇంట్లో ఉండకపోవడమే నయమనిపించింది.

"రేపు నానూ వొత్తాను ఆసుపత్రికి. నా జంతికల వల్లేనని ఆ డాక్టరమ్మ అంటే, అటునుంచటే నరసన్నపేట బస్సెక్కీసి మనూరెల్లిపోతాను. మల్లీ నీ గుమ్మం తొక్కను."

అన్నంత పనీ చేసింది. మర్నాడు కూర్మన్నపాలెంలో బస్సెక్కేటప్పుడు ఆవిడ చేతిలో బట్టల సంచి ఉంది. దారి పొడుగునా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గానీ లోపల ఓ అనుమానం పీకుతూనే ఉంది. ఎందుకంటే మొన్న ఆ పిల్ల డబ్బా వంక చూసి గుటకలు మింగుతుంటే చూడలేక, ఒకే ఒక్క జంతిక రోట్లో వేసి మెత్తగా దంచి, పెరుగన్నంలో కలిపి పెట్టింది. ఆ పిండే ఇంత పని చేసిందా?

మద్దిలపాలెంలో డాక్టరమ్మ ధనశ్రీ నోరు తెరిపించి అంతా చూసింది.

"ఏం తింటున్నావమ్మా?"

"ఇడ్లీ, పప్పన్నం. జాంకాయ కూడా ముక్కలు కోసుకునే తింటున్నాను డాక్టర్. తిన్నాక మీరిచ్చిన బుల్లి బ్రష్షుతో సందులన్నీ తోముకుంటున్నాను."

"అవును, శుభ్రంగానే ఉన్నాయి. మరి ఎందుకూడుతున్నట్టు?"

చిలకమ్మ ఇక ఆగలేకపోయింది. సంచి పట్టుకుని లేచి నిలబడింది.

"తప్పు నాదేనమ్మా. ఒక్క జంతిక దంచి పెరుగన్నంలో పెట్టినాను. గుంటపిల్ల మొకం సూడనేకపోనాను."

తిరుమలరావు 'విన్నారా' అన్నట్టు డాక్టరమ్మ వంక చూశాడు. డాక్టరమ్మ నవ్వింది.

"పెరుగన్నంలో కలిపిన పిండికి ఊడేదైతే ఉత్త అన్నానికీ ఊడాలి మామ్మగారూ. ఇది తిండివల్ల ఊడింది కాదు. దెబ్బ తగిలి ఊడింది. ఎక్కడైనా పడ్డావా అమ్మా?"

"లేదు డాక్టర్."

"దెబ్బ తగిలే సాన్సే నేదండి," అన్నాడు తిరుమలరావు. "దినామూ నానే సెక్ సేత్తన్నాను. ప్లాంటులో ఎలగ సేత్తామో అలగే. ఒక్కటి ఒగ్గను."

"ఎలా చేస్తారు?"

బల్ల మీద క్లిప్పులు వేసిన పళ్ళ నమూనా ఒకటి ఉంది. డాక్టరమ్మ దాన్ని అతని ముందుకు జరిపింది. తన పని గురించి ఓ చదువుకున్న మనిషి అడిగినందుకు తిరుమలరావు పొంగిపోయాడు. చొక్కా జేబులోంచి స్టీలు స్పూను తీశాడు. దానితోపాటు తాళంచెవి కూడా బయటికొచ్చి బల్ల మీద పడింది. అతను చూసుకోలేదు.

"అతుకు మంచిదైతే ఖంగుమంటాదండి. బోలుదైతే బొద్దుమంటాది. సెవి దగ్గిరెట్టి వినాల," అంటూ స్పూను కాడతో వరసగా ఒక్కొక్క బిళ్ళనూ ఠంగు ఠంగుమని కొట్టుకుంటూ పోయాడు. నాలుగోది ఎగిరి డాక్టరమ్మ ఒళ్ళో పడింది.

డాక్టరమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

"రోజూ ఇలాగేనా?" అంది ధనశ్రీ వైపు తిరిగి.

"మీరే చెప్పారేమో అనుకున్నాను డాక్టర్," అంది ధనశ్రీ.

తిరుమలరావు స్పూను జేబులో పెట్టుకుని, తాళంచెవి కోసం బల్ల మీద చెయ్యేశాడు. అది అక్కడ లేదు. చిలకమ్మ అప్పటికే దాన్ని కొంగున ముడేసుకుని, ఖాళీ చెయ్యి కొడుకు ముందుకు చాపింది.

"ఆ స్పూను ఇలగియ్యరా."