ఊ పేన్యుంట్ చలివేంద్రం

"ఏయ్ ముసలీ, ఆ కుండ ఎందుకు వంపేశావు?"

ఊ పేన్యుంట్ అరుపుకి కాకులు లేచాయి. ముసలమ్మ తల కూడా ఎత్తలేదు. రెండో కుండా కాలవలోకి వంపేసింది.

మాండలేలో ఎండలు మండే నెల. దాహంతో వచ్చేవాళ్లకని కూడలిలో ఆయన నిరుడు పెట్టించిన చలివేంద్రం అది. టేకు గూడు, ఐదు మట్టికుండలు, వాటన్నిటికంటే పెద్దగా ఎర్రరంగులో ఆయన పేరు, ముందు 'అయ్యగారు' అనే బర్మా 'ఊ'తో సహా.

పిల్లల్లేని టేకు వర్తకుడు. పోయాక తనను తలుచుకునేదెవరన్న బెంగతో పెట్టించాడు. పేన్యుంట్‌కి 'పే' పుట్టుకతోనే వచ్చింది. మిగిలిన 'రు' కోసమే ఈ వయసులో పాట్లు. ఆ పేరు రంగు వెలిసిందేమో చూద్దామని ఇన్నాళ్లకి ఇటొచ్చాడు.

"చెవుడా? నా కుండల్లో నీళ్లు నేలపాలు చేస్తావా?"

"మీవా బాబూ ఇవి?" ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీళ్లు నిన్నటివి."

"నిన్నటివైతే? నువ్వు మొన్నటిదానివి. నిన్నెవరైనా పారబోశారా?"

ఆమె ఏదో చెప్పబోయింది.

"నోర్ముయ్. మళ్లీ ఇక్కడ కనబడితే వార్డు ఆఫీసుకి ఈడ్పిస్తా."

చేతిలోని కొబ్బరిపీచు గూటిలో పెట్టి, ఆమె వెళ్లిపోయింది.

నాలుగోనాటికి రిక్షావాడొకడు ఆయన్ని వీధిలో పట్టుకున్నాడు.

"పెద్దయ్యా, కుండలెండిపోయాయి. మీ పేరు చదువుకుంటే దాహం తీరదు."

పేన్యుంట్ నిప్పులు కక్కుతూ నీళ్లబండి ఔంగ్ ఇంటికి వెళ్లాడు.

"కుండలు నింపే పని ఎవరిదిరా?"

"నిరుటి వానలదాకా నాది." ఔంగ్ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. "నడుం పడిపోయింది, నావల్ల కాదని మీ ఇంటికొచ్చి చెప్పాను. అప్పుడు మీరు రంగు పలచగా వేశాడని పెయింటర్‌ని తిడుతున్నారు. నా మాటకి ఊ అన్నారు."

"మరి ఇన్నాళ్లూ నింపిందెవరు?"

"డో టింట్ అవ్వ. మఠం బావి నుంచి, మైలు దూరం మోసుకొచ్చేది. రోజూ పాతవి వంపేసి, కుండలు తోమి, కొత్తవి పోసేది. మీరు పెట్టిన మనిషే అనుకున్నాను."

పేన్యుంట్ కోపం దిగలేదు, దారి మళ్లింది. మఠం వెనక అవ్వ గుడిసె వెతికి పట్టుకున్నాడు. తడిక మూసి ఉంది. పక్కింటావిడ అరుగు మీద బుగ్గలకి తనకా చెట్టు బెరడు గంధం రాసుకుంటోంది.

"ఏదీ ఆ ముసలిది?"

"నది అవతల కూతురి దగ్గరికి పోయింది. ఇక రాదు."

"నా కుండల్లో నీళ్లు పొయ్యమని దానికెవరు చెప్పారు?"

"ఓ, ఆ పేరు మీదేనా?" ఆవిడ గంధం పక్కన పెట్టింది. "పాపం, నింపే దిక్కు లేదంటే ఆ పేరాయన పోయి ఉంటాడనుకుంది. ఆయన పుణ్యమన్నా ఎండిపోకూడదని మోసింది బాబూ. మీరు బతికే ఉన్నారని తెలిశాక, నిశ్చింతగా వెళ్లింది."