పాయింటు తర్వాతి అంకె

"నాన్నా, ఈ వాన లెక్కలు మీరు చూసినవి కావు" అంది కూతురు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

తండ్రి ఒంటికాలి మీద లేచాడు. లేవడా మరి! ముప్పై ఏళ్లు ఒక్క పొద్దూ మానకుండా వర్షమాపకం చూసి, కచ్చితమైన లెక్కలు రాసినందుకు రేపే వాతావరణ శాఖవాళ్లు ఆయనకి పతకం ఇస్తున్నారు.

"రాత నాదే కదే!"

"రాత మీదే. చూసిన కళ్లే మీవి కావు."

కూతురు తనంతట తాను స్టాటిస్టిక్స్ నేర్చుకుంటోంది. నెట్‌లో దొరికే డేటా అంతా తల దువ్వి పౌడరద్దినట్టు ఉంటుందని, మనుషులు చేత్తో రాసిన లెక్కల కోసం ఊరంతా వెతికింది. చివరికి "ఇంట్లో బంగారం పెట్టుకుని ఊరిమీద పడతావేం?" అని మీసం మెలేసి, రిజిస్టర్ల నకళ్లు ఇచ్చింది ఈయనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"చూడండి. మొదటి మూడేళ్లూ పాయింటు తర్వాత దాదాపు అన్నీ సున్నాలూ అయిదులే. అంటే ఉజ్జాయింపు. నాలుగో ఏడు జూన్ ఇరవై నుంచి చూడండి, పది అంకెలూ సమానంగా వస్తున్నాయి. ఆ రోజు నుంచి ఎవరో వాననీళ్లు కొలిచే గాజు గొట్టాన్ని కంటి ఎత్తుకి పట్టుకుని గీత గీతా చూశారు. ఇరవై ఏడేళ్లు!"

"నీ లెక్కే తప్పయి ఉంటుంది" అంది తల్లి, రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తూ. "రేపు పొద్దున పతకం పెట్టుకుని ఇప్పుడీ గొడవేంటి?"

"మూడుసార్లు సరిచూశానమ్మా. ఆ మనిషెవరో గానీ దండం పెట్టాలనుంది. పతకం వాళ్లకే ఇవ్వాలి."

తండ్రి స్క్రీన్ దగ్గరికి జరిగి ఆ తేదీని వేలితో తాకాడు. కోపమంతా ఎటు పోయిందో, మొహం వెలిగిపోయింది. పతకం కబురు విన్నరోజు కూడా ఆయన అంత గర్వపడలేదు.

"ఇన్నేళ్లలో ఒక్క ఆఫీసరూ కనిపెట్టలేదు. నా కూతురు కనిపెట్టింది!"

"ఊరుకోండి" అంది తల్లి గాభరాగా.

"ఊరుకోను. రేపు మైకులో చెబుతాను."

"ఇంతకీ ఎవరు నాన్నా?"

"ఆ జూన్ పదమూడునే మా పెళ్లయింది. వారం తిరిగేసరికి ఆ గొట్టం నా చేతిలోంచి లాక్కుంది మీ అమ్మ!"