సగం కడిగిన గోడ

“ఈ గోడ మీద నీళ్లు పడినాయంటే నేను ఊరుకోను, చెప్తాండా!”

భద్రమ్మ రెండు చేతులూ చాపి గోడకు అడ్డంగా నిలబడింది. ఆమె తల మీదుగా జానెడేసి ఎర్ర పెయింటు అక్షరాలు కనబడుతున్నాయి: రేపు రా.

“పక్కకు జరుగు అత్తా,” అంది కోడలు హేమావతి. “బ్యాంకాయన పెండ్లాం సాయంత్రం బాడుగకు ఇల్లు చూసేకొస్తాది. ఇప్పటికే ముగ్గురు ఈ రాత చూసి, గడప తొక్కకుండా పోయినారు. ఈమె గూడా పోయిందంటే మేడ మీద పోర్షన్‌లో గబ్బిలాలే కాపురముంటాయి.”

“ఉండనీ. ఇది రాసినాకే గదా, పొద్దు మునిగినాక ఆ ఆడమనిషి తలుపు తట్టేది నిలిచిపోయింది? వస్తాది, చదువుకుంటాది, రేపు రమ్మన్నార్లే అని మళ్లిపోతాది.”

“దయ్యాలకు చదువొస్తాదా అవ్వా?” తిప్పేష్ నవ్వాడు. అనంతపురంలో మిషన్ల షాపు అతనిది. చూసి నచ్చిందే ఉంచుకోమని నీటి ధారతో గోడలు కడిగే రెండు ప్రెషర్ వాషర్లు ఆటోలో వేసుకొని బుక్కరాయసముద్రం దాకా వచ్చాడు.

“నీకన్నా బాగా చదువుతాది పోరా!”

హేమావతికి నవ్వు రాలేదు. ఆ రాత మీద ఆమె రెండుసార్లు సున్నం కొట్టించింది. రెండుసార్లూ తెల్లారేసరికి ఎరుపు పైకి తేలింది.

“వీటిలో నమ్మకమైంది యాది?” అని తిప్పేష్‌ను అడిగింది.

“పెద్దదే అక్కా. లోపల ఇత్తడి పంపు. పొద్దంతా ఆడించినా అలుపుండదు. కాకపోతే నీళ్లు బాగా తాగుతాది.”

“నీళ్లు యాడుండాయప్పా? ట్యాంకరు మొగం చూసి ఎన్నాళ్లయిందో. ఉండేదంతా ఈ డ్రమ్మే. చిన్నదో?”

“దానికి కొంచెం నీళ్లు చాలు. కానీ వేడెక్కితే నిలిచిపోతాది. దాన్ని మాత్రం నమ్ముకోవద్దక్కా.”

“కడగాల్సింది రెండు మాటలు. దానికింత రాద్ధాంతమా? చిన్నదే దించు.”

పెద్ద మిషన్‌ను ఎక్కించుకొని ఆటో టౌనుకు తిరిగిపోయింది. భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి నడిచి, దేవుని గూటి ముందు కూలబడింది.

తిప్పేష్ పైపు డ్రమ్ములోకి వదిలి గన్ను నొక్కాడు. మిషన్ గీపెట్టింది. ధార తగిలినచోటల్లా సున్నమూ పెయింటూ పెచ్చులుగా ఊడిపడ్డాయి. గోడ మొదట్లో ఎర్రటి మడుగు కట్టింది. పెయింటే అని తెలిసినా హేమావతి పాదాలు వెనక్కి తీసుకుంది.

మొదటి మాట పోయింది. రెండో మాట మీదికి గన్ను తిప్పాడో లేదో, మిషన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

“వేడెక్కిందా?”

తిప్పేష్ మోటారు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. “లేదక్కా... మంచుగడ్డ మాదిరి ఉండాది.”

కరెంటు ఉంది. డ్రమ్ములో నీళ్లున్నాయి. మిషన్ మాత్రం కదల్లేదు. అతను ఇక నవ్వలేదు. “పోయి పెద్దదే తెస్తా,” అంటూ రోడ్డు మీదికి దాదాపు పరుగెత్తాడు.

పొద్దు కుంకుతోంది. హేమావతి కొబ్బరిపీచుతో మిగిలిన అక్షరాన్ని రుద్దుతుంటే వెనక గేటు చప్పుడైంది.

తన ఈడు మనిషే. నేత చీర, చేతిలో సంచి కూడా లేదు. గేటు దగ్గరే ఆగి గోడకేసి చూస్తోంది. హేమావతి పీచు పక్కన పడేసింది. నాలుగో బేరమూ పోయినట్టే.

“ఆ గోడ చూడొద్దండీ! పెద్దోళ్ల చాదస్తం. మిగిలింది గూడా ఇప్పుడే తీయించేస్తాం.”

“ఉండనీండి,” అందామె మెల్లగా. “బాగుండాది.”

హేమావతి ప్రాణం లేచివచ్చింది. “అయితే లోపలికి రండి, పోర్షన్ చూపిస్తా.”

“రావొచ్చునా?”

“అదేం మాట! రండి, రండి.”

ఆమె గడప దాటింది. దేవుని గూట్లో దీపం ఆరింది. “ఎవరే?” అంది భద్రమ్మ చీకట్లోంచి.

“బ్యాంకాయన ఇంటామె, అత్తా.”

అంతలో ఫోను మోగింది. హేమావతి రిసీవర్ ఎత్తింది.

“మా ఆయన బ్యాంకు నుంచి ఇంకా రాలేదండీ,” అంది అవతలి గొంతు. “ఇల్లు చూడ్డానికి ఇంకోరోజు వస్తాం.”

రిసీవర్ చేతిలోనే ఉండిపోయింది. హేమావతి తల తిప్పింది. వచ్చిన మనిషి తలుపు మూసి గడియ వేస్తోంది.

“మీరు... మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?”

“మీరే గదమ్మా. దినామూ వచ్చి, చదువుకొని మళ్లిపోతాంటి. ఈ పొద్దు ‘రా’ అని మాత్రమే రాసిండారు.”