మంచం కింద ఎర్రని వెలుతురు

పిల్లాడి నాలుక నీలంగా మారిపోయింది, తల దగ్గరి యంత్రం మాత్రం తొంభై ఎనిమిది అని చూపిస్తోంది. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేని నర్సు తియమికే ఆ అంకెను మళ్లీ చదివింది. వేలికి తగిలించిన క్లిప్పులోంచి ఎర్రని వెలుతురు రక్తం గుండా దూరి, అందులో ప్రాణవాయువు ఎంతుందో చెబుతుంది. తొంభై ఎనిమిదంటే భయం లేనట్టే. అది నమ్మే గంట క్రితం ఆమె వార్డులోని ఒక్కగానొక్క ఆక్సిజన్ గొట్టాన్ని పక్క మంచానికి మార్చింది.

వార్డంతా నిశ్శబ్దం. దుప్పటి తీస్తే పిల్లాడి వేళ్లకు క్లిప్పు లేదు. దాని తీగ అంచు మీదుగా మంచం కిందికి జారి ఉంది. అక్కడ, తోడువాళ్లు పడుకునే చాప మీద, ఎర్రగా ఏదో మెరుస్తోంది.

తియమికే పరుగున గొట్టం తెచ్చి పిల్లాడి ముక్కుకు పెట్టింది. ఛాతీ కదిలిందో లేదో తెలియలేదు.

"గోగో, లేవండి! ఏం చేశారిది?"

గోగో అని అందరూ పిలిచే పిల్లాడి అమ్మమ్మ వేలికి క్లిప్పుతోనే లేచి కూర్చుంది.

"అరవకు తల్లీ, ఇందాకే పడుకున్నాడు. అంకె తగ్గినప్పుడల్లా ఆ యంత్రం కీచుమంటే బిడ్డ ఉలిక్కిపడుతున్నాడు. నువ్వేమో న్సిమా ముద్దయినా తినకుండా, నిద్రమత్తులో గోడలకు గుద్దుకుంటూ వస్తున్నావు. మీ ఇద్దరూ కాసేపు పడుకుంటారని నేనే తీసి నా వేలికి పెట్టుకున్నాను."