దొంగ మందారం

"అడిగి తెచ్చిన కొమ్మ బతకదమ్మా. దొంగతనంగా విరుచుకోని తెస్తేనే ఏపుగా వస్తాది!"

భువనేశ్వరి మాటకు మహిళా క్లబ్బంతా ఘొల్లున నవ్వింది.

చిత్తూరులో ఆ కాలనీ ఆడవాళ్లు ప్రతి శనివారం ఆమె వరండాలో చేరతారు. ఒకరు కథ చదివి వినిపిస్తారు. మొక్కల సంగతులు భువనేశ్వరివి. ఊరి వార్తలు చంద్రకాంతమ్మవి, అవి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తాయి.

ఆ రోజు అందరి కళ్లూ తేనెరంగు ముద్దమందారం మీదే. కాలనీలో అలాంటిది ఇంకెవరికీ లేదని భువనేశ్వరికి మహా గొప్ప.

"యాడ కొట్టేసినావు భువనా?"

"కోర్టు వెనక వీధిలో. ఎవరిల్లో నాకేం తెలుసు? తెల్లారుజామున గోడెక్కి విరిచినా. చీర చిరిగినా కొమ్మ వదల్లేదు!"

వెనక కుర్చీలో కూర్చున్న ముసలామె అందరికన్నా గట్టిగా నవ్వింది. అంతకుముందు గేటు దగ్గర నిలబడి పువ్వు వైపే చూస్తుంటే, ఎవరో ఏమోనని భువనేశ్వరే లోపలికి పిలిచింది.

"నాకొక కొమ్మిస్తావా తల్లీ? రేపు నగరికి మా చెల్లెలింటికి పోతాండా. ఇంక ఈ ఊరికి రాను."

భువనేశ్వరికి ప్రాణం ఉసూరుమంది. ఒకరికిస్తే అందరూ చేతులు చాపుతారు. ఇక తన గొప్పేం మిగులుతుంది?

"ఇస్తే బతకదు కదవ్వా! కావల్నంటే దొంగిలించుకో" అని నవ్వేసి, చేతిలో బొరుగుల ఉండ పెట్టి సాగనంపింది.

ముసలామె చిన్నబుచ్చుకోలేదు. ఉండ కొరుక్కుంటూ వెళ్లిపోయింది.

తెల్లారి లేచి చూస్తే మందారానికి జానెడు కొమ్మ లేదు.

"ఓసి దొంగ అవ్వా!" భువనేశ్వరికి నవ్వాగలేదు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

అంతలో చంద్రకాంతమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"నిన్నటి ముసలామెను బస్టాండులో చూసినా భువనా. కొమ్మకు తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకోని నగరి బస్సులో కూచోనుండాది."

"నాకు తెలుసులే అక్కా. నేనే దొంగిలించమన్నా."

"నీ మొహం! ఆమె పేరు ఆదిలక్ష్మమ్మంట. రోడ్డు వెడల్పు చేస్తామని కోర్టు వెనక వీధిలో ఆమె ఇల్లూ చెట్లూ అన్నీ కొట్టేసినారంట. తన మందారం ఎవరింట్లోనన్నా బతికుండాదేమోనని వీధి వీధీ తిరిగిందంట. బస్సెక్కించడానికొచ్చిన ఆమె పక్కింటోళ్లు చెప్పినారు."

భువనేశ్వరి గబుక్కున మందారం కుండీ ఎత్తి చంకన పెట్టుకుంది.

"పద అక్కా! కుండీతో సహా ఇచ్చేస్తా!"

"బస్సు పోయి గంటయింది."

భువనేశ్వరి కుండీతో అలాగే మెట్టు మీద కూలబడింది.

"అయ్యో, అడిగితే కొమ్మ కూడా ఇయ్యకపోతిని. నేను గోడెక్కిన సంగతి ఆమెకు నిన్ననే తెలిసిందేమో అక్కా?"

"నిన్నెందుకు? ఆ పొద్దే చూసిందంట. నువ్వు గోడ మీదుంటే, తన కుక్క మొరిగి నిన్ను బెదరగొడతాదని దాని మూతి గట్టిగా పట్టుకోని కిటికీ వెనకాల నిలబడుకున్నది ఆమేనంట!"