పెళ్ళికూతురి అమ్మ పాట

వెండి పూసల గౌను మీద నల్ల శాలువా కప్పుకుని, సైదా పట్నంలోని పెళ్ళి హాలుకు వంటవాళ్ళ గుమ్మంలోంచి వచ్చింది సౌసన్. పాటగాళ్ళు అటు నుంచే రావాలి.

"ఏంటక్కా ఈ ముస్తాబు! పెళ్ళికూతురు కుళ్ళుకుంటుంది చూడు" అన్నాడు ఊద్ వాయించే మిషాల్.

పెళ్ళికూతురు ఎవరో అతనికి తెలుసు. అందుకే నవ్వించాలని చూస్తున్నాడు.

పెళ్ళికూతురు రనీం ఫోన్లో ఒకే మాట చెప్పింది. "పాడటానికి రండి. నా పక్కన నిలబడటానికి కాదు."

రండి అంది, కన్నతల్లిని.

అదైనా చాలనుకుంది సౌసన్. చాలదని ఇక్కడికొచ్చాక తెలిసింది.

రనీంకి మూడేళ్ళప్పుడు సౌసన్‌కు బేరూత్ నాటకంలో వేషం వచ్చింది. "నాటకమో పిల్లో తేల్చుకో" అన్నాడు మొగుడు అద్నాన్. ఒక్క సీజనే కదా, తిరిగొచ్చి కాళ్ళావేళ్ళా పడదాంలే అనుకుంది.

వచ్చేసరికి ఆ ఇంట్లో అద్నాన్ కొత్త పెళ్ళాం ఫదీలా ఉంది. రనీం ఆవిడనే అమ్మా అంటోంది.

ఆ నాటకంలో సౌసన్‌ది పెళ్ళికూతురి తల్లి వేషం. అప్పుడు జుట్టుకు తెల్లపొడి పూసేవారు. ఇప్పుడు నల్లరంగు వేసుకుంటోంది.

అందులోని పాటే ఆమెకు అన్నం పెట్టింది. అది లేనిదే ఇక్కడ పెళ్ళి జరగదు. పాట చివర పెళ్ళికూతురి తల్లిని స్టేజి మీదికి పిలవాలి. ఆవిడ ముందుగా జల్గూత పెట్టాలి. ఆ శుభం కూత విన్నాకే మిగతా ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ అందుకుంటారు.

పాట చివరికొచ్చింది. సౌసన్ గొంతు వణకలేదు. ఎన్ని పెళ్ళిళ్ళు చూసిన గొంతు!

"పెళ్ళికూతురి అమ్మ ఎక్కడ?" అని మైకులో అడిగింది.

ఒకటే చప్పట్లు. ఫదీలా మెట్ల దగ్గర ఆగిపోయి, ఆమె మొహంలోకి చూసింది.

"రా ఫదీలా. పిల్ల ఎదురుచూస్తోంది" అని చెయ్యందించింది సౌసన్.

ఫదీలా రనీం ముందు నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపొచ్చింది గానీ కూత రాలేదు. హాలంతా ఆ కూత కోసం కాచుకునుంది. పెళ్ళికూతురు తల వంచుకుంది.

సౌసన్ మైకు ఆపేసింది. ఫదీలా వెనక్కి వెళ్ళి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కడుపులోంచి జల్గూత పెట్టింది.

ఆడవాళ్ళంతా అందుకున్నారు.

రనీం ఫదీలాను కావలించుకుంది. "ఎంత బాగా పెట్టావే అమ్మా!"

ఫదీలా ఏదో చెప్పబోయి వెనక్కి తిరిగింది.

సౌసన్ అప్పటికే మైకు దగ్గరికి వెళ్ళి, తర్వాతి పాట మొదలుపెట్టమని మిషాల్‌కు సైగ చేస్తోంది.